తెలిసి ఉండవలసినవాడు

హాల్సెల్ స్టేట్ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వరుసగా ఐదో ఆట, ఈ ఏటికి మొత్తం మీద ఎనిమిదో ఆట ఓడిన శనివారం నాడు, ప్రధాన కోచ్ ఎమెట్ ల్యాండ్రమ్ తల వంచుకుని మైదానం దాటి వస్తుండగా క్రీడావిభాగాధిపతి ప్రూయిట్ గెయిన్స్ అతని భుజం మీద చెయ్యి వేసి, "రేపు పదకొండున్నరకి ఒకసారి పైకి రండి కోచ్" అన్నాడు. ఆ చెయ్యి మామూలు కన్న రెండు క్షణాలు ఎక్కువసేపు అక్కడ నిలిచింది. కిందటి వారం మనం కథను విడిచిపెట్టింది ఆ చేతి బరువు దగ్గరే.

ఇప్పుడే ఈ కథలోకి అడుగుపెట్టినవారికి ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆగస్టు సాధనలో కుప్పకూలిన కార్డెల్ ప్యూ అనే పంతొమ్మిదేళ్ళ ఆటగాడు మూడు నెలలుగా రాజధానిలోని ఆసుపత్రిలో పడి ఉన్నాడు. వాడి మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. వాడు కూలడం చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. దానికి ముందూ వెనకా నడిచిన మాటలు ఎరిగినవాళ్ళు మాత్రం ఇద్దరే. ఒకరు ఎమెట్. రెండోవాడు అతని సహాయ కోచ్, ఇరవయ్యారేళ్ళ స్నేహితుడు ఓడెల్ బాస్కమ్.

ఆదివారం ఉదయం పది గంటలకు ఎమెట్ టీవీ స్టూడియోలో కూర్చున్నాడు. నిన్నటి ఆటను ముక్కముక్కగా తెర మీద చూపిస్తూ కోచ్ గంటసేపు మాట్లాడాలి. గెలిచిన వారం అది పండుగలా నడిచేది. ఓడిన వారం అది శవపరీక్ష; పైగా శవమే లేచి కూర్చుని తన్ను తాను కోసి చూపించుకోవాలి. తొమ్మిదేళ్ళుగా శరత్కాలపు ఆదివారాలన్నీ అతనికి ఇలాగే వెళ్ళిపోయాయి. అంతకు ముందు అతను బాప్టిస్టు చర్చిలో మూడో వరుసలో, భార్య నోరీన్ పక్కన, ప్రార్థన వేళకు తప్పక కనబడేవాడు. ఒప్పందం అతని ఆరు దినాలనూ కొన్నది చాలక ఏడో దినాన్ని కూడా కొనుక్కుంది. అమ్మినవాడికి ఆ సంగతి చాలాకాలం తెలియలేదు.

స్టూడియోలో పూసిన పౌడరు కాలరుకు అంటుకుని ఉండగానే అతను నాలుగో అంతస్తు సమావేశపు గదిలోకి వెళ్ళాడు. అద్దపు గోడ అవతల ఖాళీ స్టేడియం. పనివాళ్ళు గాలి గొట్టాలతో మెట్ల మీది కాగితపు గ్లాసులను కిందికి ఊడుస్తున్నారు. బల్ల మీద లోపల మాంసం పెట్టిన సాసేజీ బిస్కట్ల పెట్టె తెరిచి ఉంది, ఎవరూ ముట్టలేదు. గెయిన్స్ పక్కన విశ్వవిద్యాలయపు లాయరు అడైర్ ఫోంటెయిన్, చర్చికి వెళ్ళే దుస్తులలోనే, ముందు ఒక లావుపాటి ఫైలు పెట్టుకుని కూర్చుంది.

"టీవీ ఎలా అయింది కోచ్?" అన్నాడు గెయిన్స్.

"ఓడిన ఆట గురించి గంటసేపు నవ్వుతూ మాట్లాడా. బానే అయింది."

"మా ఆవిడ చూసిందట. మీ టై బాగుందంది."

"పోన్లే, టై అయినా గెలిచింది."

గెయిన్స్ నవ్వాడు. అతని వృత్తిలో సగం జట్టుకు డబ్బిచ్చే దాతల మాటలకు నవ్వడమే కనుక ఆ నవ్వు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. లాయరు నవ్వలేదు.

"సరే ప్రూయిట్, తిప్పితిప్పి చెప్పకు. నన్ను తీసేస్తున్నారు. అంతేగా?"

"అవును కోచ్. పాలకమండలి నిన్న రాత్రే అనుకుంది."

"అనుకుంటే అనుకున్నారు. ఒప్పందంలో ఉన్నది ఇచ్చి పంపించండి. జింకల వేట సీజను మొదలైంది. తొమ్మిదేళ్ళలో ఒక్క నవంబరు అడివి మొహం చూడలేదు నేను."

ఆ మాటలో అతను చూపిన నిబ్బరానికి ఆధారం ఉంది. ఆ ఒప్పందాన్ని కట్టినవాళ్ళు అందులో చెయ్యి తిరిగినవాళ్ళు. ఏడాదికి అరవై లక్షల డాలర్లు. అందులో జీతమన్న పేరుతో రాష్ట్రం ఇచ్చేది నాలుగు లక్షలే. శాసనసభలో ఎవరైనా లేచి అడిగితే చూపించడానికి పనికివచ్చే మర్యాదైన అంకె అది. తక్కినది వేరువేరు వేషాలు వేసుకుని వచ్చేది. టీవీలోనూ రేడియోలోనూ మాట్లాడినందుకు ఇరవై లక్షలు. తన పేరూ ముఖమూ వాడుకోనిచ్చినందుకు పదహారు. ఒక్క కంపెనీ బూట్లే తొడిగినందుకు ఎనిమిది. ఏడాది చివరిదాకా మరో చోటికి పారిపోకుండా ఉన్నందుకు పన్నెండు. ఆరు ఆటలు గెలిస్తే ఒక బహుమానం, జట్టు పిల్లలు చదువులో తప్పకుండా ఉంటే అంతకన్న చాలా చిన్నదైన మరో బహుమానం. రెండు ట్రక్కులు, స్టేడియంలో ఇరవై సీట్లు, దాతల విమానంలో ఏటా ఇన్ని గంటలని ప్రయాణం.

ఇక గడువు తీరకుండా సాగనంపితే, మిగిలిన నాలుగేళ్ళ మొత్తంలో ముప్పాతిక భాగం చెల్లించి తీరాలి. కోటీ ఎనభై లక్షలు. అయితే ఆ సొమ్ము, కారణం లేకుండా తీసేసినప్పుడే. ఓడిపోయినందుకు తీసేయడాన్ని ఆ భాషలో కారణం లేకుండా తీసేయడమనే అంటారు. లక్షమంది గొంతు చించుకుని అరిచే కారణం ఆ పత్రంలో కారణం కిందికి రాదు. కారణం చూపి తీసేస్తే మాత్రం జీతం ఆ పూటతో సరి; సెంటు రాదు.

"ఇచ్చే విషయంలో చిన్న ఇబ్బంది ఉంది కోచ్," అన్నాడు గెయిన్స్, బిస్కట్ల పెట్టె మూత మూస్తూ.

లాయరు ఫైలు తెరిచి అతని వైపు తిప్పింది. "ముప్పై ఒకటో పేజీ. రెండో పేరా. చదవమంటారా?"

"కళ్ళు బానే ఉన్నాయి మేమ్."

అయినా ఆమే చదివింది. ఆటగాడి ప్రాణానికి గాని ఆరోగ్యానికి గాని ముప్పు తెచ్చే సంఘటన ఏదైనా తనకు తెలిసినా, తెలిసి ఉండవలసినా, ఇరవై నాలుగు గంటలలోగా విశ్వవిద్యాలయానికి లిఖితపూర్వకంగా తెలియజేయకపోవడం కారణమవుతుంది.

"'తెలిసి ఉండవలసినా' ఏంటి?" అన్నాడు ఎమెట్. "జనవరిలో నేను సంతకం పెట్టినప్పుడు 'తెలిసీ' అని ఒక్కటే ఉంది. నాకు బాగా గుర్తు."

"అది ఉత్తరం కోచ్. ఇది ఒప్పందం."

ఎమెట్‌కు అప్పుడు గుర్తుకు వచ్చింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరూ చేసేదే, అతనూ చేశాడు. చలికాలంలో బేరం కుదిరిన రోజున ఒకే పేజీ ఉత్తరం మీద సంతకాలవుతాయి. పత్రికలకు అంకెలు చెబుతారు, ఫొటోలు దిగుతారు. అసలు ఒప్పందాన్ని రెండు వైపుల లాయర్లూ నెలల తరబడి అటూ ఇటూ తిప్పుతారు. అది పూర్తయ్యేసరికి సాధన మొదలై కోచ్‌కు కన్ను తెరిచే తీరిక ఉండదు. ఆగస్టు తొమ్మిదో తేదీన లాయరు కార్యాలయం నుంచి ఒక అమ్మాయి, ఎత్తుమడమల బూట్లు గడ్డిలో దిగబడిపోతుండగా, నలభై మూడు పేజీల కట్ట పట్టుకుని సాధన మైదానానికి వచ్చింది. రెండు కసరత్తుల మధ్య దొరికిన మూడు నిమిషాలలో, నీళ్ళ డబ్బాలు మోసే బండి మీద కాగితాలు పరిచి, పసుపుపచ్చ చీటీలు అంటించిన ఏడు చోట్లా అతను చకచకా సంతకాలు గిలికాడు. "చదవరా కోచ్?" అని ఆ అమ్మాయి అడిగితే, "చదవడానికి వేరే ఒకడికి డబ్బులిస్తున్నానమ్మా" అని ఈల నోట పెట్టుకున్నాడు.

కార్డెల్ ప్యూ కూలిపోయింది పదకొండో తేదీన.

"మా ఏజెంటుతో మాట్లాడాలి," అన్నాడు.

"మాట్లాడండి," అంది లాయరు. "తొందరేం లేదు."

ఏజెంటు గ్రేడీ ష్యూమేట్ మొదటి మోతకే ఫోన్ ఎత్తాడు. ఆ ఫోన్ కోసమే కాచుకుని ఉన్నాడని ఎమెట్‌కు అర్థమైంది.

"ముప్పై ఒకటో పేజీ," అన్నాడు ఎమెట్, నడవా చివరికి నడుస్తూ. "ఆ మాట ఎప్పుడు మారింది?"

"జూన్‌లో. ఏడో ముసాయిదాలో అనుకుంటా."

"నువ్వు చూశావా?"

"చూడకుండా ఎందుకు ఉంటా? వాళ్ళు ఆ మాట అడిగారు, మనం విమానం అడిగాం. పాతిక గంటలు అదనంగా ఇచ్చారు. నువ్వే కదా అన్నావు, నోరీన్ వాళ్ళమ్మని చూడ్డానికి వెళ్ళిరావాలి అని."

"పాతిక గంటల విమానానికి నా మెడ అమ్మేశావా గ్రేడీ?"

"ఎమెట్, తెలిసి ఉండవలసిన సంగతి అంటూ ఏదీ జరగకపోతే ఆ మాట వల్ల నష్టమేంటి చెప్పు? అందరూ అలాగే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా." అవతల గ్లాసులో మంచు ముక్కలు కదిలిన చప్పుడు. "చూడూ, ప్రూయిట్ నాతో మాట్లాడాడు. వాళ్ళ దగ్గర ఒక కాగితం ఉంది. దాని మీద సంతకం పెట్టు, కోటీ ఎనభై లక్షలూ తీసుకో, అడివికి పో. ఆ సొమ్ము అందుతున్నన్నాళ్ళూ నెలకోసారి ఉద్యోగం కోసం వెతుకుతున్నా అని వాళ్ళకి ఉత్తరం రాయాలి, అది ఒప్పందంలో ఉంది. ఆ ఉత్తరాలు నేను రాస్తా. నువ్వు జింకలు కొట్టుకో."

"కాగితంలో ఏముంది?"

"అది నువ్వే చదువు," అన్నాడు గ్రేడీ. ఆ మాట అనేటప్పుడు మాత్రం అతని గొంతులో హాస్యం లేదు.

ఎమెట్ గదిలోకి తిరిగి వచ్చేసరికి ఫైలు మూసి ఉంది. దాని స్థానంలో ఒకే ఒక్క పేజీ, పక్కన కలం.

"కోచ్, మీ డబ్బు ఎగ్గొట్టాలని మాకెవరికీ లేదు," అన్నాడు గెయిన్స్ అనునయంగా. "దాతలు పోగేస్తారు. కానీ ఆ అబ్బాయి సంగతి ఇవాళో రేపో బయటికొస్తుంది. తెలిసీ దాచినాయనకి అంత సొమ్మిచ్చి పంపారా అని అడుగుతారు. మేమేం చెప్పాలి? ఆ లెక్కన ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదా. అది మీరు కాకపోతే…"

"కాకపోతే?"

"కార్డెల్ లాంటి ముందువరుస భారీ కుర్రాళ్ళని, లైన్‌మెన్‌ని చూసేది ఓడెల్ కదా."

ఎమెట్ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఆగస్టు పదకొండున లైన్‌మెన్ చేత పరుగులు సహాయ కోచ్ ఓడెల్ బాస్కమ్ తన ఇష్టప్రకారం చేయించాడనీ, ఆటగాడి పరిస్థితి ప్రధాన కోచ్‌కు చెప్పలేదనీ, ఆనాటి నివేదికలో రాయకుండా దాచాడనీ, నాలుగో రోజున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చాకనే అది ప్రాణాపాయమని తనకు తెలిసిందనీ అందులో ఉంది. కింద ఎమెట్ ల్యాండ్రమ్ అన్న పేరు అచ్చయి ఉంది. దాని మీద గీత ఖాళీగా ఉంది.

"మీకు చెప్పకుండా మీ మనిషి దాచాడంటే, మీకు తెలిసి ఉండవలసిందని మేము వాదించలేం," అంది లాయరు. ఆమె కలం మూత తీసి, కలాన్ని కాగితానికి సమాంతరంగా పెట్టింది. "ఒక్కమాట. ఇది మీ వాంగ్మూలం. నిజమైతేనే సంతకం పెట్టండి. బలవంతం ఏమీ లేదు."

నిజం అతని కళ్ళ ముందే నిలబడి ఉంది. పద్నాలుగో పరుగు తరువాత కార్డెల్ గీత దాటి రెండు అడుగులు పక్కకు తూలాడు. ఓడెల్ పరుగున వచ్చి, "కోచ్, వీడి చూపు తేడాగా ఉంది. చాలు" అన్నాడు. ఎండ నెత్తి మీద నిప్పులు చెరుగుతోంది. ఎమెట్ ఈల నోట్లోంచి తీయకుండానే రెండు వేళ్ళు చూపించాడు. ఇంకో రెండు. పదహారో పరుగులో వాడు సగం దారిలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు; నూట నలభై కిలోల దేహం, ప్రార్థనకు కూర్చున్నట్టు కూర్చుని, ముందుకు ఒరిగింది. ఆ సాయంత్రం ఆఫీసులో ఓడెల్ నివేదిక పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. "ఏం రాయను?" "ఏమీ రాయకు. రేపటికి లేచి తిరుగుతాడు." ఓడెల్ చాలాసేపు అతని ముఖంలోకి చూసి, పుస్తకం మూసి వెళ్ళిపోయాడు.

మనిషి పాపానికి లోబడే క్షణం పిడుగులా పడదు. అది వాదనల పల్లకి ఎక్కి, మెల్లగా, మర్యాదగా వస్తుంది. ఓడెల్ ఒప్పందం ఎలాగూ ఒక్క ఏడాదిది. జనవరి ఆఖరుతో సరి. ప్రధాన కోచ్ పోతే సహాయకులందరూ ఎలాగూ పోతారు, అది రాసి ఉన్నదే. ఓడెల్‌కు మరో చోట పని దొరుకుతుంది, నాలుగు ఫోన్లు చేస్తే తానే ఇప్పిస్తాడు. ఈ సొమ్ములోంచి ఓడెల్‌కు ఒక వాటా ఇవ్వవచ్చు, ఎవరికీ తెలియకుండా. కార్డెల్ తల్లికి కూడా ఇవ్వవచ్చు. నిజం చెబితే ఎవరికేం ఒరుగుతుంది? ఆ పిల్లవాడి మూత్రపిండాలు తిరిగి వస్తాయా? ఇలా ఒక్కొక్క వాదనా వచ్చి అతని ఎదుట వినయంగా నిలబడింది. ప్రతిదానిలోనూ కొంత న్యాయం ఉంది. అన్నీ కలిపితే మాత్రం ఒక మనిషిని బతికుండగా పాతిపెట్టడమే అవుతుందని అతనికి తెలుసు. తెలియదని అనుకోవడానికి వీలు లేదు.

"ఓడెల్‌ని అడిగారా మీరు?" అన్నాడు హఠాత్తుగా.

గెయిన్స్ లాయరు వైపు చూశాడు.

"ఇప్పుడు మేము అడుగుతున్నది మిమ్మల్ని కోచ్," అంది ఆమె.

ఎమెట్ కలం తీసుకున్నాడు. వేల బంతుల మీద, టోపీల మీద, పసిపిల్లల చొక్కాల మీద పెట్టిన ఆ సంతకం అలవాటు కొద్దీ తనంతట తానే జారిపోయింది.

గెయిన్స్ నిట్టూర్చాడు. లాయరు కాగితం తీసుకుని, ఆరేదాకా గాలిలో ఆడించి, బల్ల మీది ఫైలులో కాక తన సంచీలో పెట్టుకుని జిప్పు లాగింది.

"అయితే తొలగింపు ఉత్తరం?" అన్నాడు ఎమెట్. "కారణం లేకుండా అని రాసి ఇస్తారుగా."

"సాయంత్రానికి చెబుతాం."

"ఇప్పుడే ఇస్తారన్నాడు గ్రేడీ."

"గ్రేడీ ఏం చెప్పాడో నాకు తెలియదు కోచ్. మండలి దీన్ని చూడాలి." ఆమె లేచి, చర్చి టోపీ చేతిలోకి తీసుకుంది. "వాంగ్మూలం ఇచ్చినందుకు థాంక్స్."

గెయిన్స్ మళ్ళీ అతని భుజం మీద చెయ్యి వెయ్యలేదు. కిటికీ వైపు తిరిగి, కింద ఊడుస్తున్న పనివాళ్ళను శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

ఎమెట్ ఇంటికి పోలేదు. నోరీన్‌కు చెప్పకముందు ఓడెల్‌కు చెప్పాలి, అదీ తన నోటితో చెప్పాలి అనుకున్నాడు. ఆ మాత్రం నిజాయితీ తనలో మిగిలిందని తనకు తాను చూపించుకోవాలనిపించింది. దారి పొడుగునా ఆ మాటలను సాధన చేశాడు. "ఓడెల్, నేనొక పని చేశా, కోపం తెచ్చుకోకుండా విను." ఎలా తిప్పి చూసినా ఆ వాక్యం కాళ్ళ మీద నిలబడలేదు.

ఓడెల్ బాస్కమ్ చర్చి నుంచి వచ్చి, కోటు విప్పి, తెల్లచొక్కా చేతులు పైకి మడిచి, వంటింటి మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. లోపల అతని భార్య వెర్నెల్ కోడి వేయిస్తున్న వాసన. ఎమెట్‌ను చూసి లేవలేదు గాని, పక్కకు జరిగి చోటిచ్చాడు.

"టీవీలో చూశా," అన్నాడు. "పాస్టరు ప్రసంగం మధ్యలో ఫోన్‌లో పెట్టుకుని చూశానని వెర్నెల్‌కి చెప్పకు. చచ్చిన చేపకి పౌడరు రాసినట్టున్నావు."

"టై బాగుందన్నారు."

"ఎవరు? నోరీనే అయ్యుంటుంది. పాపం, ఇల్లాలికి తప్పదుగా." ఓడెల్ ఒక బఠాణీ నోట్లో వేసుకున్నాడు. "తీసేశారా?"

"తీసేశారు."

"ఊఁ." చేతిలోని కాయ ఒలిచి గిన్నెలో వేసి, లోపలికి కేక వేశాడు. "వెర్నెల్, ఇంకో పళ్ళెం పెట్టు. ఎమెట్ వచ్చాడు."

"చూశాలే," అంది లోపలి నుంచి. "ముందు చేతులు కడుక్కోమను. కోచ్ అయితే నాకేంటి, కాకపోతే నాకేంటి."

ఎమెట్ గొంతు సవరించుకున్నాడు. "ఓడెల్, నేనొక…"

"నాకు తెలుసు, నువ్వెందుకొచ్చావో," అన్నాడు ఓడెల్. "నేనే రావాల్సింది నీ దగ్గరికి. మూడు రోజుల నుంచి తిండి సయించలేదు. శుక్రవారం ఆ లాయరమ్మ నన్ను పిలిచింది, ఎవరితో అనొద్దంది. అంతా చెప్పేశా ఎమెట్."

గిన్నె మీది చూపును ఎమెట్ తిప్పలేకపోయాడు. "ఏం చెప్పావు?"

"ఉన్నది ఉన్నట్టు. నేను చాలన్నానని, నువ్వు ఇంకో రెండన్నావని. రాయొద్దన్నావని. రాయొద్దంటే రాయకుండా ఊరుకున్నది నేనేనని కూడా చెప్పా. నా తప్పు నీ నెత్తిన పెట్టలేదు, నీది నా నెత్తిన వేసుకోలేదు. సంతకం పెట్టి ఇచ్చా." ఓడెల్ చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. పెద్ద చేతులు, వేళ్ళ కణుపులు పాత ఆటల్లో విరిగి వంకరపోయినవి. "నీకు చెప్పకుండా చేసినందుకు నన్ను తిట్టు. కానీ ప్రతి గురువారం ఆసుపత్రికెళ్ళి ఆ పిల్లాడి పక్కన కూర్చుంటున్నా. వాళ్ళమ్మ నాకు సోడా కొనిపెడుతుంది. నా బిడ్డని బాగా చూసుకున్నారు సర్ అంటుంది. ఎన్నాళ్ళు తాగుతాం ఆ సోడా?"

అనడానికి ఎమెట్ దగ్గర ఉన్నవి, దారిలో సాధన చేసిన మాటలే.

"డబ్బు సంగతి కూడా అడిగా," అన్నాడు ఓడెల్ కొంచెం కుదుటపడి. "నీ కోసమే. ఎమెట్ నిజం ఒప్పుకుంటే మొత్తం పోతుందా అని. పోదు, ఏదో ఒక బేరానికి వస్తాం, ఎంతో కొంత ఇస్తాం అంది. విచారణలో అబద్ధం చెబితే మాత్రం మొత్తం పోయినట్టేనట. అప్పుడు కోర్టుకెళ్ళినా వాళ్ళదే గెలుపట. నా ఒప్పందంలోనూ ఉందట ఆ ముక్క. మనం ఎప్పుడైనా చదివి చచ్చామా?" అతను చిన్నగా నవ్వాడు. "ఆవిడ అడిగింది, మీ కోచ్ ఇంకోలా చెబితే ఏంటి అని. నాకు నవ్వొచ్చింది. మేమ్, ఆయన బూతులు తిడతాడు, ఓడితే కుర్చీలు తంతాడు, పేకాటలో నాకు ఇవ్వాల్సింది ఇప్పటికీ ఇవ్వలేదు, కానీ అబద్ధం మాత్రం ఆడడు అన్నా. అది కూడా రాయించా కాగితంలో. ఆవిడ రాయక్కర్లేదంది. నేనే పట్టుబట్టా."

పెరటి కంచె అవతల ఎవరిదో కుక్క రెండుసార్లు మొరిగి ఊరుకుంది. ఎమెట్‌కు నాలుగో అంతస్తు గది మళ్ళీ కనబడింది. తొందరేం లేదన్న మాట, నిజమైతేనే అన్న మాట, సంచీ జిప్పు లాగిన చెయ్యి. ఓటమి కారణం కాదు. తెలిసి ఉండవలసినదన్న మాట మీద కూడా కోర్టులో ఏళ్ళ తరబడి పోరాడవచ్చు. ఎవరూ తిరగదోడలేని కారణం ఒకటి వాళ్ళకు కావలసి వచ్చింది. దాన్ని అతనే రాసి ఇచ్చాడు. అయినా, ఆ మెట్ల మీద కూర్చున్న క్షణాన అతన్ని దహిస్తున్నది ఆ సొమ్ము కాదు. చర్చి చొక్కా వేసుకున్న ఈ మనిషి అడగకుండానే తన తరపున ఇచ్చిన సాక్ష్యం.

"రేపు మనిద్దరం ఆసుపత్రికి పోదాం," అంటున్నాడు ఓడెల్. "పేపర్లో చదవకముందే వాళ్ళమ్మకి మన నోటితో చెబుదాం. ఏమంటే అది పడదాం. అది అయిపోయాక జింకలకి పో, చేపలకి పో, నీ ఇష్టం. సరేనా?" తల తిప్పి అతని ముఖంలోకి చూశాడు. ఇరవయ్యారేళ్ళుగా వందలాది కుర్రవాళ్ళ ముఖాలలో నొప్పి ఎక్కడ ఉందో కనిపెట్టడమే ఓడెల్ వృత్తి. "ఎమెట్. నా కాగితం నీకు చూపించారు కదా?"

లోపల ఫోన్ మోగింది. రెండుసార్లు మోగి ఆగింది. వెర్నెల్ పిండి అంటిన వేళ్ళతో ఫోన్ పట్టుకుని తలుపులోకి వచ్చింది.

"ఓడెల్, నీకే. ఎవరో మిస్ ఫోంటెయినట. ఆదివారం పూట భోజనాల వేళప్పుడు, ఏం పనో."

ఓడెల్ చొక్కాకు చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. "చెప్పండి మేమ్… ఆఁ, ఇంట్లోనే ఉన్నా." కొంచెంసేపు విన్నాడు. అతని నుదుటి మీద ఒక ముడి పడి, విప్పుకోకుండా అక్కడే నిలిచిపోయింది. "నేను చెప్పినదాంట్లో మారేదేం లేదు మేమ్. ఎందుకడుగుతున్నారు?… ఎవరు? ఎమెట్టా?"

ఎమెట్ లేవబోయాడు. ఓడెల్ ఆ వంకర వేళ్ళ చెయ్యి చాచి అతని మోకాలి మీద వేసి, బలంగా, కదలనివ్వకుండా నొక్కి పట్టుకున్నాడు.

"చదవండి మేమ్," అన్నాడు ఫోన్‌లోకి, ఎమెట్ ముఖం మీద నుంచి చూపు తీయకుండా. "మొదటి నుంచి చదవండి. వింటున్నా."